ముందు బరువు తగ్గండి

టైలరక్కకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో అందరూ అంటారు. నేను కాదనను. ఆమె కుట్టు దుకాణానికీ నా జిరాక్సు దుకాణానికీ మధ్య ఉన్నది ఒకే ఒక్క గోడ. పద్నాలుగేళ్ళుగా ఆ గోడకు ఇవతల కూర్చుని ఆమె కోపాన్ని వింటూనే ఉన్నాను. పాత ప్యాంటు జేబులో చెత్తంతా అలాగే ఉంచి తెచ్చేవాళ్ళంటే కోపం. కొలత తీసేటప్పుడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కునేవాళ్ళంటే మరీ కోపం. “ఊపిరి వదలండి. బట్ట మీకు కుట్టాలా, మీ గొప్పకు కుట్టాలా?” అనేది. అయినా జనం ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. బడి యూనిఫారాలూ, ఆసుపత్రి కోట్లూ, పెళ్ళి జాకెట్లూ ఏవైనా సరే, ఆమె ఒకసారి టేపు పెట్టిందంటే మళ్ళీ సరిచేసే పని ఉండేది కాదు.

అటువంటి మనిషి తన ఒంటి గురించి చెబితే పది నెలలపాటు ఒక్కరూ వినలేదు. వినని వాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి, ఎవరినీ వెనకేసుకురాకుండా చెబుతాను.

అప్పటికామెకు నలభై ఆరేళ్ళు. పిల్లలు లేరు. భర్త బస్టాండులో టైమ్‌కీపరు. ఏ బస్సు ఎప్పుడొస్తుందో, ఏది ఎంత ఆలస్యమో మైకులో చెప్పడం ఆయన పని. రోజంతా మైకులో మాట్లాడి వస్తాడు కాబట్టి ఇంట్లో నోరు విప్పడు. మెత్తని మనిషి. టైలరక్కను నేను అక్కా అంటాను కాబట్టి ఆయన నాకు బావ అయ్యాడు. ఇల్లు దుకాణం వెనకే. ముందు గదిలో మిషనూ, కత్తిరింపు బల్లా, వెనక రెండు గదుల్లో కాపురమూ.

మొదట ఆమెకు నడుము నొప్పి వచ్చింది. రోజంతా వంగి కుట్టేవాళ్ళకు అదొక వింత కాదు కదా అనుకుంది. తరవాత నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం మొదలైంది. గంటకోసారి బాత్రూముకు పరుగు. మెట్లెక్కితే ఆయాసం. బావ ఉద్యోగానికి ఇచ్చిన వైద్యం కార్డు మీద చూపించుకోవాలంటే ఊళ్ళో ఒకే ఆసుపత్రి, అందులో వాళ్ళకు కేటాయించినది ఒకే డాక్టరు. ఏ పరీక్ష కావాలన్నా, ఏ పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నా ముందు ఆయన సంతకం పడాలి. ఆయన చెడ్డవాడేమీ కాదు. ‘అండీ’ అనకుండా మాట్లాడడు. కాకపోతే మాట్లాడినంతసేపూ కంప్యూటరు వైపే చూస్తాడు. టైలరక్కను బరువు తూచే యంత్రం ఎక్కమన్నాడు. ఎనభై ఆరు. ఆ అంకె చూడగానే ఆయనకు రోగం దొరికిపోయింది.

“నడుము నొప్పైనా, ఆయాసమైనా అన్నింటికీ మూలం ఒకటేనండీ. ముందు బరువు తగ్గండి. తరవాత మాట్లాడుకుందాం.”

ఆ మాట పట్టుకుని బావ తన అక్కగారికి ఫోను చేశాడు. ఆవిడ ఇంట్లో ఒక ఎక్సర్‌సైజు సైకిలు ఉంది. కొన్న వారంలోనే ఆవిడ దాన్ని తొక్కడం మానేసింది. అప్పటినుంచి దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తోంది. ఆదివారం నాడు ఆటోలో వేసుకొచ్చి దింపింది. దింపి, అందరి ముందూ, “నీకు పనికొస్తుందిలే మరదలా. నాకంటే నీకే అవసరం” అంది. ఆవిడ ఒళ్ళు కూడా తక్కువదేం కాదు. టైలరక్క ఆ మాట మింగేసింది. వదినగారితో మాటకు మాట అంటే బావ మూడు రోజులు అన్నం సరిగ్గా తినడని ఆమెకు తెలుసు.

సైకిలును కత్తిరింపు బల్ల పక్కన గోడకు ఆనించి పెట్టారు. అది నా గోడే. పొద్దున్నే నేను దుకాణం తెరిచి మిషన్లు వేడెక్కేదాకా కూర్చుంటే, అవతల కీచు కీచుమని చప్పుడు. రెండు రోజులకు కుట్టు మిషనుకు వేసే నూనె పోసి ఆ కీచు మాన్పించింది. తరవాత ఒట్టి గరగర మిగిలింది. పొద్దున నలభై నిమిషాలు, సాయంత్రం దుకాణం కట్టేశాక నలభై నిమిషాలు. మోటారు మిషను వచ్చేదాకా ఇరవై ఏళ్ళు కాలి మిషను తొక్కిన మనిషి. పెడలు ఆమెకు కొత్త కాదు. మొదట్లో నవ్వుతూనే తొక్కేది. నేను ఒకరోజు తలుపు దగ్గర నిలబడి, “అక్కా, ఈ లెక్కన రోడ్డు మీద తొక్కి ఉంటే ఈపాటికి సముద్రం చూసి వచ్చేదానివి” అన్నాను. “సముద్రంలో నిన్ను తోసి వచ్చేదాన్ని” అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

నెలన్నర తరవాత డాక్టరు దగ్గరికి వెళితే రెండు కిలోలు తగ్గింది. నడుము నొప్పి తగ్గలేదని చెప్పింది. ఆయన చాలా సంతోషించి, ఇంకా తగ్గండి, అదే పోతుంది అన్నాడు.

ఇంకో రెండు నెలలు తొక్కింది. రాత్రి భోజనం మానేసింది. టీలో పంచదార మానేసింది. నిజానికి మానడానికి పెద్దగా ఏమీ లేదు, తిండే సహించడం లేదు. ముఖం పీక్కుపోయింది. మెడ దగ్గర ఎముకలు తేలాయి. మూడోసారి వెళ్ళి యంత్రం ఎక్కితే మళ్ళీ ఎనభై ఆరు. డాక్టరు మొదటిసారి కంప్యూటరు మీంచి కళ్ళు తిప్పి చూశాడట. చూసింది ఆమెను కాదు, బావను. “ఇంట్లో కాస్త కనిపెట్టి చూడండి. చాలామంది సైకిలు తొక్కుతారు కానీ నోరు కట్టుకోలేరు” అన్నాడు.

ఆ మాటతో ఇంట్లో కాపలా మొదలైంది. బావ బిస్కట్ల డబ్బా ఎత్తి అలమర పైన పెట్టాడు. అక్కగారు రోజూ ఫోను చేసి ఏం తిందని ఆరా తీయడం, ఆయన ఇవతల గుసగుసగా జవాబు చెప్పడం. ఒక మధ్యాహ్నం టైలరక్క బయటికెళ్ళి దారపు రీళ్ళు తీసుకుని తిరిగొచ్చేసరికి, బావ దుకాణంలో ఒంటరిగా ఉన్నాడు. మిషను బల్ల సొరుగులన్నీ లాగి ఉన్నాయి. చేతిలో గుండీల డబ్బా మూత తీసి ఉంది. మిఠాయి కోసం వెతుకుతున్నాడు.

ఆమె అరుస్తుందనుకున్నాను. సొరుగుల చప్పుడు వింటూ గోడ ఇవతల నేను సిద్ధంగానే ఉన్నాను. అరవలేదు. “దొరికిందా?” అని మాత్రం అడిగింది. ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఆమె డబ్బా అందుకుని, నేల మీద పడిన గుండీలు ఒక్కొక్కటే ఏరి లోపల వేసి, సైకిలెక్కింది. ఆరోజు గంటన్నర తొక్కింది. ఆ గరగర నా గోడలోంచి, బల్లలోంచి, నా పళ్ళలోకి వచ్చింది. వెళ్ళి ఒక మాట అడుగుదామా అనుకున్నాను. మొగుడూ పెళ్ళాల మధ్య మనమెందుకులే అని కూర్చున్నాను.

ఆ తరవాత ఆమె నవ్వడం మానేసింది. బట్టలివ్వడానికి వచ్చిన ఒకావిడ పొట్ట వైపు చూసి, మొహమంతా నవ్వు చేసుకుని, ఇన్నాళ్ళకు విశేషమా, ఎన్నో నెల అని అడిగింది. “పద్నాలుగో నెల” అని టైలరక్క ఆవిడ బట్టలు ఆవిడ చేతిలో పెట్టి, ఇంకెక్కడైనా కుట్టించుకోమని పంపేసింది.

ఇక్కడ ఆమె కొలతల పుస్తకం గురించి చెప్పాలి. ఒక్కో ఖాతాదారుకు ఒక్కో పేజీ, పేజీలో ఛాతీ, నడుము, చెయ్యి, తొడ, పొడవు. సైకిలు వచ్చిన వారమే ఆమె ఆ పుస్తకం చివర తన కోసం ఒక పేజీ తీసింది. పైన ‘నేను’ అని రాసుకుంది. ప్రతి ఆదివారం కొలుచుకుని తారీఖు వేసి రాసేది. బరువు యంత్రం ఆసుపత్రిలో ఉంటే ఉండనీ, ఆమెకు చేతనైన కొలత ఇది. ఆ పేజీలో చెయ్యి పదిహేను నుంచి పదమూడుకు దిగింది. తొడ రెండున్నర అంగుళాలు తగ్గింది. నడుము మాత్రం నలభై ఒకటి నుంచి నలభై నాలుగుకు ఎక్కింది. ఆమె మొదట టేపు సాగిందేమో అనుకుని కొత్త టేపు తెచ్చింది. కొత్త టేపూ అదే చెప్పింది.

అలా ఉండగా బడిలో పాఠాలు చెప్పే ఒకమ్మాయి చుడీదారు వదులు చేయించుకోవడానికి వచ్చింది. ఆరో నెల. టైలరక్క ఆమె పొట్ట చుట్టూ టేపు తిప్పి, బిగించి, ఆగిపోయింది. లావుగా ఉన్న మనుషులను ఆమె ముప్ఫై ఏళ్ళుగా కొలుస్తోంది. కొవ్వున్న చోట టేపు లాగితే లోపలికి దిగుతుంది. అందుకే ఎక్కువ లాగకుండా కొలవడం నేర్చుకోవాలి. ఈ అమ్మాయి పొట్ట మీద టేపు దిగలేదు. లోపల ఒక మనిషి ఉంది కాబట్టి దిగలేదు. తన పొట్ట మీద కూడా ఇలాగే దిగడం లేదని ఆమెకు ఆ క్షణాన తట్టింది.

అమ్మాయిని పంపించి, దుకాణం తలుపు వేసి, కత్తిరింపు బల్ల మీద గుడ్డలన్నీ పక్కకు నెట్టి వెల్లకిలా పడుకుంది. రెండు చేతులతో పొట్ట నొక్కి చూసుకుంది. దూది కూరికూరి కుట్టిన దిండులా గట్టిగా ఉంది. బొడ్డు పైన నాలుగు వేళ్ళ దూరంలో ఆ గట్టిదనానికి ఒక అంచు చేతికి తగిలింది. పక్కకు ఒత్తిగిలితే అది కూడా ఒక పక్కకు ఒరిగింది. ఇది కొవ్వు కాదని ఆమెకు అక్కడే తెలిసిపోయింది.

సాయంత్రం బావ రాగానే చెప్పింది. ఆయన చెయ్యి పట్టుకుని పొట్ట మీద పెట్టి చూపించింది. ఆయన అర నిమిషం ఉంచి తీసేశాడు. తరవాత ఎంతో నెమ్మదిగా, ఓదార్పుగానే అన్నాడు.

“అంత చదువుకున్న డాక్టరుకు తెలియనిది, బట్టలు కుట్టే నీకు తెలుస్తుందా?”

ఈ మాట నాకు ఆమె చాలా రోజుల తరవాత చెప్పింది. తిట్టి ఉంటే మరిచిపోయేదాన్ని తమ్ముడూ, మెత్తగా అన్నారు, అందుకే దిగబడిపోయింది అంది.

నాలుగోసారి ఆసుపత్రికి ఆమె కొలతల పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్ళింది. బావ వెంట వెళ్ళాడు. డాక్టరు, ఈసారి ఎంత తగ్గారండీ అంటూ యంత్రం చూపించాడు. ఆమె యంత్రం ఎక్కలేదు. కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది.

“ఏమిటండీ ఇది?”

“నా కొలతలు. చెయ్యి రెండంగుళాలు తగ్గింది. తొడ తగ్గింది. ఛాతీ తగ్గింది. పొట్ట మూడంగుళాలు పెరిగింది. దొంగతిండి తింటే అది పొట్టకొక్కదానికే పడుతుందా?”

ఒక్కొక్కరి శరీరతత్వం ఒక్కోలా ఉంటుందని ఆయన నచ్చజెప్పబోయాడు. పుస్తకం వైపు చూడలేదు. ఆమె, ఒక్కసారి చెయ్యి పెట్టి చూడండి అంది. ఆయన గడియారం చూసి, బయట ఇంకా ఇరవై మంది ఉన్నారనీ, సైకిలు మానొద్దనీ, మూడు నెలల తరవాత రమ్మనీ చెప్పాడు. బావ చటుక్కున లేచి నిలబడ్డాడు. ఆమె మోచెయ్యి పట్టుకుని, లే, పెద్దమనుషుల ముందు గొడవెందుకు అంటూ లాగాడు.

ఆమె చెయ్యి విడిపించుకుంది. “స్కానింగుకు రాయండి. రాసేదాకా నేను లేవను.”

“బెదిరిస్తున్నారా?” అన్నాడు డాక్టరు.

“లేదు. కూర్చున్నాను.”

అంతే. కుర్చీ చేతులు రెండూ పట్టుకుని కూర్చుంది. నర్సు వచ్చి బతిమాలింది. తలుపు సందులోంచి బయటివాళ్ళు తొంగిచూశారు. ఎవరో, ఈవిడ ఇంకా ఎంతసేపు అని విసుక్కున్నారు. బావ ముఖం కందగడ్డలా అయిపోయి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. పది నిమిషాలకు డాక్టరు ఒక కాగితం లాక్కుని గీకిపారేశాడు. అందులో స్కానింగు అని రాసి, దాని పక్కన ‘రోగి పట్టుబట్టినందున’ అని కూడా రాశాడు. తన తప్పేమీ లేదని ముందుజాగ్రత్త అన్నమాట.

మర్నాడు స్కాను తీసిన అమ్మాయి, చల్లని జెల్లు రాస్తూ వాన గురించీ ఎండ గురించీ ఏదో కబుర్లు చెబుతున్నదల్లా ఉన్నట్టుండి ఆపేసింది. తెర వైపే చూస్తూ, మీతో ఎవరైనా వచ్చారా అని అడిగింది. తరవాత బయటికెళ్ళి ఇంకొకాయనను పిలుచుకొచ్చింది. ఇద్దరూ కలిసి చూశారు. కొలవడానికి తెర చాలడం లేదని ఒకళ్ళతో ఒకళ్ళు అనుకోవడం టైలరక్కకు వినపడింది. అండాశయం మీద గడ్డ. పొట్టంతా అదే ఉంది.

వారంలో పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ ఆపరేషను చేసే డాక్టరమ్మ వయసు మళ్ళినావిడ. కాగితాలు పక్కన పెట్టి, చేతులు రుద్దుకుని వెచ్చచేసుకుని, మొట్టమొదట పొట్ట మీద అరచెయ్యి పెట్టింది. పెట్టగానే కనుబొమలు ముడిచింది. “ఎన్నాళ్ళనుంచీ ఇలా ఉంది?” అంది. పది నెలలంది టైలరక్క. “ఇన్నాళ్ళలో ఎవరూ చెయ్యి పెట్టి చూడలేదా?”

అప్పటిదాకా ఒక్క చుక్క కన్నీరు పెట్టని మనిషి ఆ మాటకు ఏడ్చింది. భయపడుతోందనుకుని డాక్టరమ్మ ధైర్యం చెప్పబోయింది. భయం కాదమ్మా, ఒళ్ళు మండిపోతోంది అని చెప్పిందట.

తొమ్మిది కిలోల గడ్డ తీశారు. క్యాన్సరు కాదు. అది విని మేమందరం హమ్మయ్య అనుకున్నాం. కానీ అది ఎదుగుతూ ఎదుగుతూ ఎడమ మూత్రపిండం నుంచి వచ్చే గొట్టాన్ని నొక్కేసింది. నీళ్ళు కిందికి దిగక ఆ మూత్రపిండం ఉబ్బి సగం పాడైపోయింది. ఇక బాగుపడదన్నారు. నాలుగైదు నెలలు ముందొస్తే దక్కేదని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. నాలుగైదు నెలల క్రితం టైలరక్క ఏం చేస్తోంది? గోడకు ఆనించిన సైకిలు మీద, పెరుగుతున్న ఆ గడ్డను మోస్తూ, దాన్ని కరిగించడానికి తొక్కుతోంది.

ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన బావ ఆరు రోజులు కదలకుండా కూర్చున్నాడు. నేను చూడటానికి వెళ్ళినప్పుడు ఆయన గ్లాసులో నీళ్ళు పోసి ఆమెకు అందిస్తున్నాడు. నేనున్నానని కూడా చూడకుండా, “డాక్టరు చెప్పాడని నమ్మానే” అన్నాడు.

“నేనూ చెప్పానుగా” అంది ఆమె. గ్లాసు అందుకోలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

నా దుకాణం గోడకు ఇవతల కూర్చుని జోకులేసినవాణ్ణి నేను. తెచ్చిన పళ్ళు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఇంటికొచ్చాక ఆమె చేసిన మొదటి పని, వదినగారికి ఫోను చేసి సైకిలు తీసుకెళ్ళమనడం. ఆవిడ, ఉంచుకో మరదలా, ఒళ్ళు మళ్ళీ రాకుండా పనికొస్తుంది అని నోరు జారింది. బావ ఫోను తీసుకుని, అక్కా, రేపు పొద్దున్నే ఆటో పంపు అని పెట్టేశాడు. తన అక్కగారితో ఆయన అంత ముక్తసరిగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. టైలరక్క మాత్రం మెచ్చుకోలేదు. ఆయనతో మాట్లాడటమే లేదు. అవసరమైతే, అన్నం ఉంది, తలుపు వేయండి, ఇంతవరకే.

ఆరు వారాలకు ఏదో సంతకం కోసం మళ్ళీ ఆ డాక్టరు గదికే వెళ్ళాల్సొచ్చింది. పెద్దాసుపత్రి కాగితాలన్నీ కంప్యూటరులో ఆయన ముందే ఉన్నాయి. క్షమాపణ చెబుతాడేమో, చెబితే ఏమనాలి అని ఆమె దారి పొడుగునా ఆలోచించుకుంటూ వెళ్ళిందట. ఆయన చిరునవ్వుతో యంత్రం చూపించాడు. డెబ్భై మూడు.

“చూశారా? అనుకున్నదానికంటే ఎక్కువే తగ్గారు.”

ఆమె ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా నా దుకాణానికొచ్చింది. కుట్లు ఇంకా లాగుతున్నాయి కాబట్టి ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, రెండో చెయ్యి నా బల్ల మీద ఆనించి నిలబడింది. ముఖం ఎర్రగా లేదు, తెల్లగా ఉంది. నేను కుర్చీ లాగాను. కూర్చుంది. “టైపు చెయ్యి” అంది.

అర్జీలు టైపు చేయడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఆమె ఒకటి చెబితే నేను నా అలవాటు కొద్దీ మెత్తబరిచి కొడుతున్నాను. సగం అయ్యాక చదివి వినిపించమంది. వినిపించాను.

“‘సవినయంగా విన్నవించుకుంటున్నాను’ ఏమిటి? అది తీసెయ్. నేనేమీ విన్నవించుకోవడం లేదు. చెబుతున్నాను.”

తీసేశాను.

“‘కొంత అసౌకర్యం కలిగినది’ అని ఎవరు కొట్టమన్నారు? నా మూత్రపిండం సగం పోయింది. అది కొట్టు.”

అర్జీ ఎప్పుడూ కాస్త మర్యాదగా ఉంటేనే పని జరుగుతుందక్కా అని సర్దిచెప్పబోయాను. ఆమె నావైపు చూసింది. “పది నెలలు మర్యాదగానే ఉన్నాను తమ్ముడూ” అంది. ఇక ఆమె చెప్పింది చెప్పినట్టు కొట్టాను. నాలుగుసార్లు వెళ్ళిన తారీఖులు, ప్రతిసారీ ఆమె చెప్పిన బాధలు, ప్రతిసారీ ఆయన చెప్పిన ఒకే మాట, కొలతల పేజీ జిరాక్సు. రెండు పేజీల అర్జీలో ఒక్క తిట్టు లేదు. అయినా నా ప్రింటరు దాన్ని పట్టుకోలేక ఆగినట్టు ఆగి మరీ బయటికి కక్కింది.

నెల తరవాత ఆసుపత్రి వాళ్ళు మూడు వాక్యాల జవాబు పంపారు. వైద్యంలో ఏ లోపమూ లేదనీ, స్కానింగు పరీక్షకు సకాలంలో రాసినది కూడా సదరు వైద్యుడేననీ, ఆమె త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నామనీ. ఆ రెండో వాక్యం చదివి ఆమె నా దుకాణంలో నిప్పులు చెరిగింది. ఆ రోజు గోడ అవసరం లేకుండానే వీధి మొత్తానికి వినపడింది. కుర్చీలోంచి కదలకుండా తను గుంజుకున్న కాగితం ఇప్పుడు ఆయన ఖాతాలో పుణ్యమైపోయింది. వెంటనే రెండో అర్జీ కొట్టించింది. దానికి ‘రోగి పట్టుబట్టినందున’ అన్న కాగితం జిరాక్సు జతచేసింది. ఈసారి ఆసుపత్రికి కాదు, ఆసుపత్రులన్నింటి మీదా పైనుండే కార్యాలయానికి పంపింది. వాళ్ళు విచారణకు పిలిచారు.

విచారణ రోజున ఆమె నన్ను తోడు రమ్మంది. కాగితాలు వరసగా అందించడానికి ఒకరుండాలని. బావను పిలవలేదు. ఆయన సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తనంతట తానే మా వెనక నడిచొచ్చాడు. ఒక పొడుగాటి గది. బల్లకు అటు ముగ్గురు, వాళ్ళ ముందు నీళ్ళ సీసాలు. ఇటు పక్క డాక్టరు. ఆయన తడబడకుండా చెప్పాడు. ఈమె నడుము నొప్పి అంటూ వచ్చింది కానీ పొట్ట గురించి ఎన్నడూ చెప్పలేదు. చెప్పిన రోజునే స్కానింగుకు రాశాను. రోగి కాస్త ఆవేశపరురాలు, ఆ రోజు కూడా గది నుంచి కదలనని మొండికేసింది, ఆమె భర్తే సముదాయించాల్సి వచ్చింది, కావాలంటే ఆయననే అడగండి.

టైలరక్క లేచింది. కోపంతో కాగితం పట్టుకున్న చెయ్యి ఊగిపోతోంది. బల్ల దగ్గరున్న ముగ్గురూ ఆ చెయ్యిని చూశారు, తరవాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆవేశపరురాలే అని వాళ్ళు అప్పుడే తీర్పు రాసుకుంటున్నారని నాకు అర్థమైంది.

అప్పుడు వెనక నుంచి బావ మాట్లాడాడు. మైకు లేకుండా ఆయన గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు.

“భర్తను నేనే. అడగండి. నాలుగుసార్లూ నేను పక్కనే ఉన్నాను. కడుపు నిండిపోతోందని మొదటిసారే చెప్పింది. నాలుగోసారి పొట్ట మీద చెయ్యి పెట్టి చూడమని అడిగింది. ఆయన గడియారం చూశారు. సముదాయించలేదండీ నేను. చెయ్యి పట్టుకుని లాగాను. ఆ రోజు నా మాట విని లేచి ఉంటే ఈపాటికి ఏమయ్యేదో. ఆయన ఒక్కరే కాదు, నేనూ వినలేదు. అది కూడా రాసుకోండి.”

మధ్యలో కూర్చున్నాయన కలం తీసి నిజంగానే రాసుకున్నాడు. తరవాత ఆ కొలతల పేజీ అడిగి తీసుకుని, మొదటి తారీఖు నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివాడు. అప్పటికి గానీ ఆ పేజీని ఒకరు చదవలేదు.

బయటికొచ్చాక బస్టాపు దాకా ముగ్గురం నడిచాం. బస్సు రావడం కనిపించాక, టైలరక్క చేతిలోని కాగితాల సంచిని బావ వైపు చాచింది. ఆయన పట్టుకున్నాడు. సీటు దొరికితే ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అంతకుమించి ఏమీ జరగలేదు. జరిగిందని కట్టుకథ చెప్పను.

రెండు నెలలకు ఉత్తర్వు వచ్చింది. చేతితో పరీక్ష చేయకపోవడం పొరపాటని తేల్చారు. డాక్టరును రాతపూర్వకంగా మందలించారు. కడుపు నొప్పి, ఉబ్బరం అంటూ వచ్చినవాళ్ళను బల్ల మీద పడుకోబెట్టి చూడకుండా పంపకూడదని ఆసుపత్రికి రాశారు. నేను సంబరపడి ఆ కాగితం నాలుగు జిరాక్సులు తీశాను. ఆమె మాత్రం ఒకే మాట దగ్గర వేలు పెట్టి ఆగింది.

“పొరపాటట. కాఫీ ఒలికితే పొరపాటు. గుండీ ఒకటి కింద కుడితే పొరపాటు.”

గెలిచావు కదా, ఇప్పటికైనా కోపం తగ్గించుకో అక్కా అన్నాను. మంచికే అన్నాను.

“బరువు తగ్గమన్నారు. తిండి తగ్గించమన్నారు. గొంతు తగ్గించమన్నారు. ఇప్పుడిది కూడానా?” అంది.

ఆ డాక్టరు ఇంకా అదే గదిలో కూర్చుంటున్నాడు. ఆమె ఆ ఆసుపత్రి ముందునుంచి వెళ్ళాల్సొస్తే అవతలి పక్కకు దాటదు. గేటు ఎదురుగానే, నెమ్మదిగా, తలెత్తుకుని నడుస్తుంది. దుకాణం మళ్ళీ తెరిచింది. పని కొంచెం తగ్గించుకుంది. కొలతలిచ్చేటప్పుడు పొట్ట లాక్కునేవాళ్ళను ఇప్పటికీ కసురుతుంది. టేపు ఎక్కడైనా దిగకపోతే మాత్రం ఆగి, ఆ మనిషిని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. ఒకావిడ అవమానమనుకుని గుడ్డ లాక్కుని వెళ్ళిపోయింది. పోతే పోనీ అంది.

ఉన్న ఒకటిన్నర మూత్రపిండం ఎలా ఉందో చూడటానికి ఆరు నెలలకోసారి పెద్దాసుపత్రికి వెళ్ళాలి. బావ ప్రతిసారీ సెలవు పెట్టి వెళతాడు. లోపల ఆమె పక్క కుర్చీలో కూర్చుంటాడు. డాక్టరమ్మ అలవాటు కొద్దీ ఆయన వైపు తిరిగి, ఎలా ఉందండీ ఈవిడకు అంటే, “ఆమెనే అడగండి” అంటాడట.